హేండిలు పోలయ్య, బొత్తాం బండి

రంగూన్‌లో పజన్‌డౌన్ వాగు గట్టున కాపురాలుండే మన తెలుగువాళ్ళలో పోలయ్యలకి లోటు లేదు. బస్తాల పోలయ్య ఉండేవాడు, రిక్షా పోలయ్య ఉండేవాడు, పెళ్ళాం నాలుగు తిట్టందే ముద్ద దిగని పోలయ్య వేరే ఒకడుండేవాడు. హేండిలు పోలయ్య మాత్రం ఆ రేవుపట్నం మొత్తానికి ఒక్కడే.

ఇది పంతొమ్మిది వందల ఇరవైల నాటి మాట. అప్పటి మోటారుబళ్ళు అడగ్గానే లేచేవి కావు. బండి ముక్కు కింద బెజ్జంలో వంకర ఇనపకడ్డీ ఒకటి దూర్చి, ఒంట్లో ఉన్న సత్తువంతా పెట్టి గిర్రున తిప్పాలి. బండికి మనసైతే లేస్తుంది, లేకపోతే లేదు. ఆ కడ్డీకే హేండిలని పేరు. చంద్రరావుగారి బండికి హేండిలు కొట్టడమే పోలయ్య ఉద్యోగం.

చంద్రరావుగారు రేవులో ఓడలకి కూలీలని కుదిర్చే పెద్ద మేస్త్రీ. బండి తనే నడుపుకునేవారు. డ్రైవరుని పెట్టుకుంటే చూసినవాళ్ళు ఆ బండి డ్రైవరుదనుకుంటారేమోనని ఆయన బెంగ. హేండిలు కొట్టేవాణ్ణి చూసి అలా ఎవరూ అనుకోరు కనక పోలయ్య విషయంలో ఆయనకి ఆ చింత లేదు.

పొద్దున్నే పోలయ్య హేండిలు కొట్టడం వీధి వీధంతా చూసేది. టీ దుకాణంలో కూర్చున్నవాళ్ళు కప్పు పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడేవారు. పోలయ్య ముందు తలపాగా విప్పి నడుముకి చుట్టేవాడు. అరచేతుల్లో ఉమ్మి వేసుకుని రుద్దేవాడు. పైడితల్లమ్మని తలుచుకునేవాడు. అప్పుడు, పెళ్ళిపందిట్లో పెళ్ళికొడుకులా, తనని తప్ప ఎవర్నీ చూడొద్దన్నట్టు ఒకసారి చుట్టూ చూసి, వంగి, "గేరు తీసినారా బాబూ?" అని ఒక్క కేక వేసేవాడు. గేరు తియ్యకుండా హేండిలు కొడితే ఇంజను లేచిన మరుక్షణం బండి మీదకొచ్చేస్తుంది. చంద్రరావుగారు "తీశానురా!" అనాలి. ఆ ఒక్క ఘడియలోనూ మేస్త్రీగారు జవాబు చెప్పేవాడు, పోలయ్య అడిగేవాడు. ఇంజను ఖళ్ళున దగ్గి, ఒళ్ళు దులుపుకుని, డుబుడుబుమని అందుకునేది.

అందుకున్నాక పోలయ్య ముందుసీట్లో చంద్రరావుగారి పక్కన కూర్చునేవాడు. బండి స్ట్రాండు రోడ్డు మీద పోతుంటే, ఒకప్పుడు తనతో బస్తాలు మోసి, ఇప్పటికీ భుజాన బస్తాలు లాగే కొక్కేలు తగిలించుకుని రేవుకి నడిచిపోయే పాత సావాసగాళ్ళు కనిపించేవారు. పోలయ్య వాళ్ళని చూసేవాడు కాదు. చూడనట్టు కనపడేలా కూర్చునేవాడు. అది చాలా కష్టమైన కూర్చోవడం, మీరు ఎప్పుడైనా ప్రయత్నించి చూడండి.

ఇలా సుఖంగా గడుస్తూండగా, ఒక దొరగారి తోటలో విందు జరిగింది. చంద్రరావుగారికి పిలుపొచ్చింది. విందైపోయాక పెద్దమనుషులంతా మెట్ల మీద నిలబడి ఒకరికొకరు సెలవు చెప్పుకుంటున్నారు. ఒక చీనా వర్తకుడు తన బండెక్కి, ఏదో ఒక బొత్తాం మీద వేలు పెట్టాడు. బండి "గుర్ర్" మని లేచి వెళ్ళిపోయింది. తరవాత చంద్రరావుగారి వంతు. పోలయ్య దొరసానులు చూస్తున్నారని మరింత హుషారుగా వంగి, ఎన్నడూ లేనంత బలంగా తిప్పాడు. బండి లేవలేదు. మళ్ళీ తిప్పాడు. బండి లేవలేదు గానీ పోలయ్య పంచె వదులైంది. మూడోసారికి ఇంజను లేచింది, పంచె దిగింది. దొరసానులు అందరూ ఒక్కసారే తోటలో గులాబీలు ఎంత బావున్నాయో చూడ్డం మొదలెట్టారు.

చంద్రరావుగారు బండిని తిన్నగా ఇంటికి తోలారు. గేటు దగ్గర, "సెల్ఫు పెట్టించేస్తాను," అన్నారు. ఎవరితో అన్నారో తెలియదు, పోలయ్య పంచెతో అన్నట్టుంది.

సెల్ఫు అంటే హేండిలు బదులు ఇంజనుని తిప్పే కరెంటు మోటారు. అది ఓడలో చెక్కపెట్టె ఎక్కి వచ్చింది. దాన్ని బిగించడానికి నదికి ఆవల సిరియం నుంచి లింగరాజు వచ్చాడు. లింగరాజుది గంజాం వైపు. చమురు శుద్ధి చేసే కర్మాగారంలో కరెంటు మిస్త్రీ. కరెంటు గురించి మాట్లాడేటప్పుడు కొత్త అల్లుడు అత్తగారి గురించి మాట్లాడినట్టు గొంతు తగ్గించి మాట్లాడేవాడు. బండిని ఇంటివెనక రేకులషెడ్డులో పెట్టి, మూత ఎత్తి, సాయానికి పోలయ్యని పిలిచాడు.

"బావా, ఈ వైరు కాస్త ఒడిసి పట్టు."

పోలయ్య పట్టుకున్నాడు. తన కొలువు ఊడగొట్టే తీగని తనే పట్టుకుని నిలబడ్డమంటే ఎవడికైనా మనసులో ఏదో ఒకటి అవుతుంది. పోలయ్యకి దాన్ని తెంపెయ్యాలనిపించింది. కానీ ఎర్రది తెంపాలో నల్లది తెంపాలో తెలియలేదు. రెండూ తెంపితే బావుండదు. అందుకని భక్తిగా పట్టుకుని నిలబడ్డాడు.

"ఇంతకీ ఏటిది లింగరాజూ, ఈ లావు తీగొకటి, ఆ సన్న తీగొకటి?" అన్నాడు.

లింగరాజు పిడికిలంత ఇనపడబ్బా ఒకటి తీసి చూపించాడు. పైన పక్కపక్కనే రెండు ఇత్తడి మరలు మెరుస్తున్నాయి. "ఇది మేగ్నెట్టు డబ్బా బావా. లోపల రాగితీగ చుట్టుంటాది. మోటారు తిరగాలంటే బోల్డు కరెంటు కావాల. అంత కరెంటు ఆ పిసరంత బొత్తాంలోంచి పంపితే బొత్తాం మాడిపోద్ది. అందుకని బొత్తాం నొక్కితే సన్నతీగలో కాస్త కరెంటు ఈ డబ్బాకొత్తాది. లోపల ఇనపకడ్డీ 'టక్' మని లేచి లావు తీగలు రెండిటినీ కలిపేత్తాది. అప్పుడు మోటారు తిరుగుద్ది."

పోలయ్య మొహంలో అర్థమైన జాడేమీ లేదు.

"అదే, మీ చంద్రరావుగారు రేవులో ఉన్నచోటునుంచే ఒక్క కేకేత్తారు. బస్తాలెత్తేది ఎవరు?"

"మేమే."

"మరి! సన్నతీగ కేక. లావుతీగలు మీరు."

పోలయ్యకి ఇప్పుడు బాగా అర్థమైంది. అర్థమయ్యాక మరింత దిగులేసింది. లింగరాజు ఊరుకోకుండా స్క్రూడ్రైవరు తీసి, ఆ రెండు ఇత్తడి మరల మీదా అడ్డంగా ఆనించాడు. డబ్బా "టక్" మంది. మోటారు "గుర్ర్" మంది. ఇంజను తిరిగింది. పోలయ్య రెండు గెంతుల్లో షెడ్డు బయట ఉన్నాడు.

"బొత్తాం నొక్కినా ఒకటే, ఈ రెండు మరలూ కలిపినా ఒకటే," అని లింగరాజు నవ్వాడు. "దీని ప్రాణం ఇక్కడుంది బావా."

ఆ మాట పోలయ్య చెవిలో గూడు కట్టుకుంది.

ఇంటికెళ్ళేసరికి పెళ్ళాం చిన్నతల్లి ఎండుచేప వేయిస్తోంది. చేపని తిప్పుతూనే అడిగింది.

"ఏటి మావా, బొత్తాం పెట్టేత్తన్నారంట?"

"పెడతన్నారు."

"నొక్కితే బండి దానంతటదే లేత్తాదంట?"

"లేత్తాది."

"మరి నువ్వేటి సేత్తావు?"

పోలయ్య గోడకేసి చూసి, "నొక్కుతాను," అన్నాడు.

"బాబుగోరికి వేళ్ళు లేవా?"

పోలయ్య పీట వాల్చుకుని కూర్చున్నాడు. చిన్నతల్లి కంచం ముందు పెట్టి, మెత్తగా అంది: "పోన్లే మావా. మళ్ళీ రేవుకెళ్దువు గానీ. బస్తాలేటైనా కరుత్తాయేటి?"

బస్తాలు కరవవు. బస్తాలు మోసే సావాసగాళ్ళు కరుస్తారు. ఇన్నాళ్ళు వాళ్ళని చూడనట్టు ముందుసీట్లో కూర్చుని వెళ్ళినవాడు ఇప్పుడు కొక్కెం భుజానేసుకుని వాళ్ళ పక్కన నడవాలంటే... పోలయ్యకి చేప సయించలేదు. చిన్నతల్లి చూస్తోందని తినేశాడు.

సెల్ఫు పని పూర్తయింది. చంద్రరావుగారు బొత్తాం నొక్కితే బండి మర్యాదగా లేచింది. ఆయన దాన్ని ఆపి, మళ్ళీ నొక్కి, మళ్ళీ ఆపి, చూడ్డానికి వచ్చినవాళ్ళందరి ఎదటా నొక్కారు. చివరికి, "రేపు అమ్మగారిని పబేడాన్ బజారుకి తీసుకెళ్తున్నాం. నువ్వూ రా పోలయ్యా, గొడుగు పట్టుకోవాలి. తరవాత చూద్దాం," అన్నారు. ఆ 'తరవాత చూద్దాం'లో చూడ్డానికేమీ లేదని పోలయ్యకి తెలుసు.

అమ్మగారంటే చంద్రరావుగారి భార్య సింహాచలమ్మగారు. భారీ మనిషి, మనసూ అంతే. వంటింటి గుమ్మంలోంచి పోలయ్యని పిలిచి, పసుపుదారానికి గుచ్చిన రాగి తాయెత్తు ఒకటి చేతిలో పెట్టారు.

"కొత్త యంత్రం కదా పోలయ్యా. అమ్మవారి దగ్గర పెట్టి తెప్పించాను. రేవులో కొత్త క్రేనొస్తే ఏం చేస్తారు మీరు?"

"తాయెత్తు కడతామమ్మా."

"ఎక్కడ కడతారు?"

"దాని పేణం ఎక్కడుంటే అక్కడమ్మా. కేనుకైతే కొక్కేనికి. పడవకైతే ముక్కుకి."

"దీనికీ అలాగే కట్టు. ఆ మిస్త్రీకి చెప్పకు. వాడివన్నీ ఇంగ్లీషు చదువులు, నవ్వుతాడు."

పోలయ్య షెడ్డుకెళ్ళి మూత ఎత్తాడు. ఇన్నేళ్ళూ ఈ బండి ప్రాణం హేండిలు దూర్చే బెజ్జంలో ఉండేది. దసరాకి బొట్టు పెట్టేదీ అక్కడే. ఇప్పుడు ప్రాణం ఇల్లు మారింది. ఎక్కడికి మారిందో లింగరాజు నోటితోనే విన్నాడు. వైరింగుకి ఏ అపచారమూ జరగకుండా, ఏ తీగనీ కదల్చకుండా, డబ్బా పైనున్న గొట్టానికి దారం ముడేసి, తాయెత్తు సరిగ్గా ఆ రెండు ఇత్తడి మరల ఎదట వేలాడేలా కట్టాడు. మరలకీ తాయెత్తుకీ మధ్య వేలు పట్టేంత సందుంది. దణ్ణం పెట్టుకున్నాడు. "నా పని నువ్వు తీసేసుకున్నావు, పోనీలే, సుఖంగా బతుకు," అని సెల్ఫుతో అని, మూత దించాడు. అది నిజంగా మనస్ఫూర్తిగానే అన్నాడు. లోకంలో ఎన్నో అనర్థాలు మనస్ఫూర్తిగానే జరుగుతాయి.

మర్నాడు బండి పబేడాన్ బజారుకి బయల్దేరింది. ముందు చంద్రరావుగారు, పక్కన పోలయ్య, వెనక సింహాచలమ్మగారు. కొత్త పని ఎలా నడుస్తుందో చూసుకోవాలని లింగరాజు పక్కమెట్టు మీద వేలాడుతూ వచ్చాడు. నడుస్తున్నంతసేపూ డబ్బా అప్పుడప్పుడు "కిర్రు" మంటున్నా ఇంజను హోరులో ఎవరికీ వినపడలేదు.

బజారు కిటకిటలాడుతోంది. ఒక పక్క బట్టలకొట్లు, ఒక పక్క గాజులు, ఎదురుగా వీధిమొగలో పోలయ్యకి తెలిసిన మా ప్యూ అనే బర్మా ఆవిడ మొహింగా అంగడి. మొహింగా అంటే చేపలపులుసులో సేమ్యాలాంటివి వేసి ఇచ్చే పలహారం. పెద్ద కుండలో కుతకుతా ఉడుకుతోంది. ఇటు, బండి ఆగిన చోటికి కాస్త వెనకగా ఎండుమిరపకాయల కొట్టు, గుమ్మం ముందు గోనెలు బారుగా నిలబెట్టి ఉన్నాయి.

చంద్రరావుగారు బండి ఆపి దిగారు. పాతరోజుల్లో అయితే మళ్ళీ హేండిలు కొట్టాలి కనక, పోలయ్య దగ్గరుండి గేరు తీయించి, చక్రం కింద రాయి పెట్టేవాడు. బొత్తాం బండికి అవన్నీ నామోషీ. ఆయన గేర్లోనే వదిలేసి, తాళంచెవి జేబులో వేసుకుని, లింగరాజుని వెంటబెట్టుకుని బట్టలకొట్టులోకి వెళ్ళారు. పోలయ్య గొడుగు పట్టుకుని బండి పక్కన నిలబడ్డాడు. సింహాచలమ్మగారు దిగలేదు. బజారులో అందరూ తనని బండిలో చూడాలి కదా.

ఇంతలో గాజులబుట్ట ఒకటి అటువైపుగా పోయింది. సింహాచలమ్మగారు పచ్చగాజులు చూడ్డానికి ఒరిగారు. ఆవిడ ఒరిగితే బండి ఒరిగింది. బండి ఒరిగితే లోపల తాయెత్తు ఊగింది. ఊగి మరలకి తగిలింది.

"టక్. గుర్ర్."

బండి ఒక్క గెంతు ముందుకి గెంతి ఆగింది.

సింహాచలమ్మగారు "అమ్మో!" అని వెనక్కి వాలారు. ఆ వాలుకి బండి మళ్ళీ ఊగింది. "టక్. గుర్ర్." ఇంకో గెంతు. గెంతిన ఊపుకి తాయెత్తు మళ్ళీ ఊగింది, ఇంకో గెంతు. ఇక దానికి ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది. కప్పలా గెంతుకుంటూ బండి తిన్నగా మా ప్యూ పులుసుకుండ మీదకి బయల్దేరింది.

సింహాచలమ్మగారు మొదట బెదిరారు గానీ, చుట్టూ జనం నోళ్ళు తెరిచి చూస్తూంటే బెదరడం బావుండదనుకున్నారు. కొత్త బండి ఇలాగే నడుస్తుంది కాబోలని నిటారుగా కూర్చుని, పమిట సర్దుకుని, రెండు పక్కలకీ తలపంకిస్తూ గెంతుగెంతుకీ ఒకడుగు ఎగిరి పడుతూ ఊరేగారు.

"అమలే!" అని మా ప్యూ కెవ్వుమంది. బర్మావాళ్ళు అయ్యబాబోయ్ అనడానికి అదే అంటారు, అన్నా అనడానికి కో అంటారు. "కో పోలయ్యా! నా కుండ! నా కుండ!"

పోలయ్య గొడుగు పారేసి బండికీ కుండకీ మధ్య దూరాడు. బండి ముక్కుకి భుజం ఆనించి, కాళ్ళు తన్నిపెట్టాడు. "గుర్ర్" మంది బండి. "ఊఁ" అన్నాడు పోలయ్య. మడమలు రెండూ దుమ్ములో జానెడు దూరం గీతలు గీశాయి. వెనక కుండలోంచి ఆవిరి వీపుకి తగుల్తోంది.

చంద్రరావుగారు చేతిలో కొలిపిస్తున్న పట్టుబట్టతో సహా పరుగెత్తుకొచ్చారు. "ఎవడ్రా బొత్తాం నొక్కింది?"

"నానిక్కడున్నాను బాబూ, బొత్తాం అక్కడుంది!"

"లింగరాజూ, ఆపరా!"

"తాళం తియ్యండి బాబూ!"

"తాళం నా జేబులో ఉందిరా!"

"అయితే తాళంతో పని లేదు, బేటరీ తీగ పీకేత్తాను. అమ్మగారూ, కాస్త లెగండి. బేటరీ మీ కింద ఉంది."

"నా కింద ఏముందిరా?" అన్నారు సింహాచలమ్మగారు, బజారంతా వినేలా. బేటరీకి ముందుపక్క చోటు చాలక లింగరాజు వెనకసీటు కింద పెట్టిన మాట నిజమే. కానీ ఆ మాట ఆడమనిషితో నడివీధిలో అనదగ్గది కాదు. ఆవిడ సీటుని మరింత గట్టిగా పట్టుకున్నారు.

"గేరు తీండి బాబూ!" అని అరిచాడు పోలయ్య. "గేరు!"

చంద్రరావుగారు మెట్టెక్కి, కిటికీలోంచి చెయ్యి దూర్చి, కంగారులో గేరుకడ్డీని ఒక్క ఊపున లాగారు. తియ్యడమైతే తీశారు గానీ, తీసి వెనక గేర్లో వేశారు.

బండి వెనక్కి గెంతింది. ఇంతసేపూ దాన్ని నెడుతున్న పోలయ్య ముందు ఆసరా లేక దుమ్ములో బోర్లా పడ్డాడు. బండి వెనక్కి వెనక్కి గెంతుకుంటూ పోయి, మిరపకాయల గోనెల మీద మెత్తగా ఆనుకుంది. ఆనుకుని, ఆగింది. ఊగడం లేదు కనక చప్పుడూ లేదు.

"ఎవరూ కదలొద్దు!" అన్నాడు లింగరాజు రెండు చేతులూ ఎత్తి. "కుదుపుకే తిరుగుతోంది. అమ్మగారూ, మీరు కదలొద్దు."

సింహాచలమ్మగారు కదల్లేదు. ఊపిరి కూడా సగమే తీసుకున్నారు. కానీ పగిలిన గోనెలోంచి ఎర్రటి ఘాటు మెల్లగా లేచి బండి చుట్టూ అలుముకుంటోంది. ఆవిడ ముక్కు కొస అదిరింది. చంద్రరావుగారు చేతులు జోడించారు. "వద్దే. వద్దు. నా మాట విను."

"హాఛ్!"

"టక్. గుర్ర్." గోనె ఇంకా పగిలింది. ఘాటు ఇంకా లేచింది.

"హాఛ్! హాఛ్!"

"గుర్ర్. గుర్ర్."

ఆవిడ తుమ్మితే బండి గెంతుతోంది, బండి గెంతితే మిరపకాయలు నలుగుతున్నాయి, మిరపకాయలు నలిగితే ఆవిడ తుమ్ముతున్నారు. చంద్రరావుగారూ తుమ్మారు. కొట్టతనూ తుమ్మాడు. మా ప్యూ వీధికి అవతల ఉండి కూడా, నవ్వలేక తుమ్మలేక కుండమూత మీద వాలిపోయింది.

పోలయ్య లేచి, తలపాగా గుడ్డ ముక్కుకి అడ్డం పెట్టుకుని, బండి మూత ఎత్తాడు. లోపల పసుపుదారానికి తాయెత్తు ఉయ్యాలూగుతోంది. ఊగి మరలకి తగిలింది. "టక్." మెరుపు మెరిసింది. బండి గెంతింది. తాయెత్తు ఇవతలికొచ్చింది. బండి ఆగింది.

పోలయ్యకి సంగతి అర్థమైంది. చెయ్యి చాపి దారం పుటుక్కున తెంపి, తాయెత్తు గుప్పెట్లో దాచేశాడు. ఎవరూ చూడలేదు. అందరి కళ్ళలోనూ మిరపఘాటే.

సింహాచలమ్మగారు మరోసారి తుమ్మారు. బండి కదల్లేదు.

బండి కదలకపోయేసరికి చంద్రరావుగారికి కోపం తెచ్చుకోవడానికి తీరికైంది. లింగరాజు మీద పడ్డారు. "ఇదేనట్రా నీ వైరింగు? సిరియం మొత్తం నిన్ను మించినవాడు లేడన్నావు! రేపు పొద్దుటికల్లా ఈ దరిద్రాన్ని ఊడబెరికి నదిలో పారెయ్. సెల్ఫూ వద్దు, బొత్తామూ వద్దు. మా పోలయ్య చెయ్యి చాలు నాకు! నీ సంగతి మీ కర్మాగారంలో కూడా చెప్తాను."

ఇంతకంటే ఏం కావాలి! పోలయ్య చెవుల్లో అమృతం పోసినట్టయింది. ముందుసీటు మళ్ళీ తనదే. రేవు లేదు, కొక్కెం లేదు. చెయ్యవలసిందల్లా గుప్పెడు మూసుకుని ఉండడం.

లింగరాజు మాత్రం డబ్బా దగ్గర వంగి, తీగ తీగా తడుముతున్నాడు. "అంతా సరిగ్గానే ఉంది బాబూ... ఎలగైందో... ఒట్టు బాబూ, సరిగ్గానే కట్టినాను..." ముక్కూ కళ్ళూ కారుతున్నాయి. అందులో మిరపకాయల వాటా ఎంతో, అవమానం వాటా ఎంతో చెప్పలేం. బావా అని పిలిచిన మనిషి. వాడి మొహం అలా చూస్తూ గుప్పెడు మూసుకుని ఉండడం, బండిని భుజంతో ఆపడం కంటే బరువుగా ఉంది.

"బాబూ," అన్నాడు పోలయ్య.

"నువ్వుండరా."

"నానే బాబూ." గుప్పెడు విప్పాడు. "ఇది ఆ రెండు మరల ఎదర కట్టినాను. ఊగి తగిలేసినాది. లింగరాజు తప్పేటీ నేదు. సెల్ఫు బేగానే ఉంది."

లింగరాజు తాయెత్తుని చూశాడు, మరల్ని చూశాడు, పోలయ్యని చూశాడు. "సంపేసినావు కదా బావా!" అని అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. కోపమొచ్చిందో నవ్వొచ్చిందో తేల్చుకునేలోపు తుమ్మొచ్చింది.

చంద్రరావుగారు ఎర్రబడ్డ కళ్ళతో పోలయ్యవైపు తిరిగారు. "ఏ వెధవ కట్టమన్నాడ్రా నిన్ను?"

పోలయ్య తాయెత్తుని మళ్ళీ గుప్పెట్లో మూశాడు. ఆ ప్రశ్నకి జవాబు వెనకసీట్లోంచి వచ్చింది.

"నేనే కట్టమన్నాను," అన్నారు సింహాచలమ్మగారు.

చంద్రరావుగారు తుడుచుకున్న కళ్ళే మళ్ళీ తుడుచుకున్నారు. వెధవ అన్నమాట వెనక్కి తీసుకోవడానికి దారి వెతుకుతున్నారు కాబోలు.

"అమ్మవారి తాయెత్తుది తప్పంటారా?" అన్నారు ఆవిడ, ముక్కు తుడుచుకుంటూ.

"అననే."

"నాది తప్పంటారా?"

"అబ్బే."

"పోలయ్య అడ్డం నిలబడకపోతే ఆ మరిగే పులుసు నా మీద పడేదా, లేదా?"

"పడేదే."

"అయితే వినండి. మీ బొత్తాం మీరు నొక్కుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ నొక్కినప్పుడల్లా ఎదర పోలయ్య నిలబడాలి. మనిషి అడ్డం లేని బండి నేనెక్కను. మా అక్కచెల్లెళ్ళనీ ఎక్కనివ్వను."

"వాడు ఎదర నిలబడి ఏం చేస్తాడే?"

"పట్టుకుంటాడు!"

నడివీధిలో, మిరపఘాటులో, సగం పబేడాన్ చూస్తూండగా పెళ్ళాంతో వాదించే మగవాడెవడు? చంద్రరావుగారు ఒప్పుకున్నారు. ఆ సాయంత్రమే లింగరాజు ఇత్తడి మరల మీద చెక్కమూత బిగించాడు. తాయెత్తుని సింహాచలమ్మగారి ఆజ్ఞ ప్రకారం బండి ముక్కుకి కట్టారు. అక్కడ అది ఎంత ఊగినా ఎవరికీ నష్టం లేదు.

పోలయ్య కొలువు నిలిచింది. కానీ ఆ కొలువు ఏమిటో ఇంటికెళ్ళి చిన్నతల్లికి చెప్పడానికే నానా తంటాలూ పడ్డాడు.

"ఎదర నిలబడతావా? నిలబడి?"

"పట్టుకుంటాను."

"బండి ముందుకొత్తాదా?"

"రాదు. గేరు తీసే ఉంటాది."

"రాని బండిని పట్టుకుంటావా?"

"గట్టిగా పట్టుకుంటాను," అన్నాడు పోలయ్య, పౌరుషంగా.

మొదట్లో పాపం సిగ్గుతో చచ్చిపోయాడు. చంద్రరావుగారు బొత్తాం మీద వేలు పెట్టడం, పోలయ్య బండి ముక్కుకి రెండు చేతులూ ఆనించి నిలబడడం, ఇంజను తనంతట తను సుబ్బరంగా లేవడం. టీ దుకాణంలోంచి చూడవచ్చినవాళ్ళకి ఏమి మెచ్చుకోవాలో తెలిసేది కాదు. ఏదో ఒకటి చెయ్యకపోతే బావుండదని పోలయ్య "ఊఁ" అనడం మొదలెట్టాడు. తరవాత పళ్ళు బిగించడం చేర్చాడు. మెడనరాలు తేలేలా చెయ్యడం కాస్త సాధన చేస్తే గానీ రాలేదు. కొద్దిరోజులకి అది హేండిలు కొట్టడం కంటే చూడముచ్చటైంది.

పబేడాన్ సంగతి పజన్‌డౌన్ అంతా పాకి, పాకినకొద్దీ పెరిగింది. బొత్తాం బండి సింహాచలమ్మగారిని ఎత్తుకుపోతుంటే పోలయ్య రొమ్ము అడ్డం పెట్టి ఆపాడని ఆడవాళ్ళంతా నమ్మారు. దాంతో బొత్తాం బళ్ళున్న ఇళ్ళల్లో ఇల్లాళ్ళు ఒకరి తరవాత ఒకరు మొండికేశారు. ఎదర మనిషి లేందే మేమెక్కం అన్నారు. మొగుళ్ళు మొత్తుకున్నారు, మిస్త్రీలు మొత్తుకున్నారు, చివరికి అందరూ మనుషుల కోసం వెతుక్కున్నారు.

అలా రేవులో కొక్కేలు భుజానేసుకుని నడిచే పాత సావాసగాళ్ళు ఇద్దరు ముగ్గురు, కొక్కేలు ఇంట్లో పెట్టి, ఒక సాయంత్రం రేకులషెడ్డు దగ్గరికి వచ్చారు. తలగోక్కుంటూ నిలబడ్డారు. పోలయ్య ఈసారి వాళ్ళని చూడనట్టు ఉండలేదు. బండి ముక్కు దగ్గర వరసగా నిలబెట్టి, ఒక్కొక్కడి భుజమూ సరిచేశాడు.

"కాలు వెనక్కెయ్యి. ఆఁ, అలగ. పళ్ళు బిగించు. ఒరే బంగారిగా, ఏటా నవ్వు? బండి మీదకొచ్చేత్తంటే నవ్వుతావేటి?"

"రావట్లేదు కదా అన్నా!"

"వత్తన్నట్టు ఉండాల!" అని పోలయ్య గదమాయించాడు. "అమ్మగోర్లు సూత్తారు. మళ్ళీ మొదట్నుంచి. ఊఁ!"

"ఊఁ!" అన్నారు అందరూ, కదలని బండిని శాయశక్తులా ఆపుతూ.